తాళానికి తగిన చెవి, తుపాకీకి తగిన తూటా

(అనకాపల్లిలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శిగారు "మీరు సర్వీసులో చూసిన సబ్జెక్టు ఒకటి తీసుకుని, నలుగురికీ పనికొచ్చేట్టు చెప్పండి" అని ఆదేశించారు. నేను గుమస్తాగా చేసిన సర్వీసులో చాలా ఏళ్లు ఆయుధాల లైసెన్సుల సీటులో గడిచాయి. తుపాకీ పేల్చడం నాకు ఈనాటికీ రాదు. కాని తుపాకీ కాగితాలు చూడడం వచ్చు. ఆ కాగితాల మీద "బోరు" అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలోని చిన్న అంకె వెనుక ఎంత చరిత్ర, ఎంత చట్టం, ఎంత ప్రమాదం ఉన్నాయో చెప్పడానికే ఈ ప్రసంగం.

తుపాకులతో మనకేమి పని అని కొందరు అనుకోవచ్చు. మన చుట్టుపక్కల చెరకు తోటలకు అడవిపందుల బెడద కొత్తది కాదు. పూర్వం పంట కాపలా కోసం లైసెన్సు తీసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ తాతలు, తండ్రులు పోయారు. తుపాకులు మాత్రం అటక మీదనో, ఇనప్పెట్టెలోనో ఉన్నాయి. వాటి సంగతి తేల్చవలసిన వయస్సు మనది.

బోరు అంటే ఏమిటి?

బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. రైఫిలుకు దీనిని అంగుళంలో భాగంగా గాని, మిల్లీమీటర్లలో గాని చెబుతారు. త్రీనాట్‌త్రీ అంటే .303 అంగుళం, అనగా సుమారు 7.7 మి.మీ. మన లైసెన్సుదారులు కొనే .315 స్పోర్టింగ్ రైఫిలు 8 మి.మీ. తుపాకీ.

పంట కాపలాకు వాడే 12 బోరు తుపాకీ లెక్క వేరు. ఒక పౌను బరువున్న సీసపు ముద్దను పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో, ఆ గొట్టం వెడల్పు అంత. అంటే సుమారు 18.5 మి.మీ. అదే పౌనును ఇరవై గుండ్లు చేస్తే గుండు చిన్నదవుతుంది గనుక 20 బోరు తుపాకీ 12 బోరు కన్నా సన్నం. అంకె పెరిగితే గొట్టం తగ్గుతుందన్నమాట. ఇది తెలియక పొరపడేవారు ఎందరో.

ఈ పొరపాటు ప్రాణం మీదకు తెస్తుంది. 20 బోరు తూటాను 12 బోరు తుపాకీలో వేస్తే అది జారి ముందుకు పోయి గొట్టంలో ఇరుక్కుంటుంది. తూటా వేయలేదేమోననుకుని వెనుక నుంచి 12 బోరు తూటా పెట్టి పేలిస్తే గొట్టం చేతిలోనే బద్దలవుతుంది. అందుకే చాలా కంపెనీలు 20 బోరు తూటాలను పసుపు రంగులో తయారుచేస్తాయి.

ఒకసారి ఒక పెద్దావిడ కాలం చేసిన భర్తగారి తుపాకీ లైసెన్సు పట్టుకుని మా సీటుకు వచ్చారు. లైసెన్సులో 12 బోరు అని ఉంది. "తూటాలు కూడా ఉన్నాయి నాయనా" అంటూ తాను తెచ్చిన చీటీ చూపించారు. ఇంట్లో డబ్బా మీద ఉన్నది చూసి మనవడు రాసిచ్చిన చీటీ అది. అందులో రెండు రకాల బోర్లు ఉన్నాయి. ఎవరో చుట్టం తన దగ్గర మిగిలినవి ఇచ్చి వెళ్లాడట. ఆ ఇంటి పిల్లలు పండక్కి ఆ తుపాకీ సరదాగా పేల్చి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. ఆవిడచేత ఆ డబ్బాను, తుపాకీని పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయించి రసీదు తీసుకోమని చెప్పి పంపాము.

మన ఏజెన్సీ నేర్పిన పాఠం

తూటా లేని తుపాకీ కర్రతో సమానం. ఈ సంగతి మన ప్రాంతానికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. అల్లూరి సీతారామరాజుగారు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. మూడు రోజుల్లో చేతికి వచ్చినవి 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు. ఏమేమి తీసుకున్నదీ స్టేషను రికార్డులో రాసి సంతకం చేశారని చెబుతారు. గుమస్తాగా పనిచేసినవాణ్ణి గనుక ఆ సంతకమంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఇప్పుడు లెక్క చూడండి. 2,500 తూటాలను 26 తుపాకులకు పంచితే ఒక్కొక్క దానికి వంద లోపే. అవి అయిపోతే మళ్లీ అటువంటి తూటాలే దొరకాలి. అవి ఉండేది ప్రభుత్వం దగ్గర మాత్రమే. తరువాత అక్టోబరులో అడ్డతీగల స్టేషనుకు వెళ్లేసరికి ఆయుధాలు అక్కడ లేవు. 1924 మే 7న సీతారామరాజుగారిని కాల్చి చంపారు. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట నేడు మన అనకాపల్లి జిల్లాలోనే ఉంది. వీరుల ధైర్యానికి లోటు లేదు. లోటు తూటాలకే.

దొరలు వేసిన తాళం

ఈ సూక్ష్మం ఇంగ్లీషు ప్రభుత్వానికి ముందే తెలుసు. సైన్యం వాడే తూటా బయటివారి తుపాకీలో పట్టకూడదన్నది వారి నీతి. 1907 ప్రాంతంలో .450 బోరు వేట రైఫిళ్లను ఇండియాలోకి రానీయకుండా నిషేధించారు. ఆ రైఫిలు గుండు పాత సైనిక మార్టినీ హెన్రీ తుపాకీ తూటాలకు పనికివస్తుందన్న భయమే కారణం. దాంతో లండను తుపాకీ కంపెనీలు .465, .470 వంటి కొత్త బోర్లు పుట్టించవలసి వచ్చింది. ఇండియాలోని పులివేట దొరల కోసం లండనులో కొలతలు మారాయి!

సొంత పోలీసుల మీద కూడా వారికి అంత నమ్మకం లేదు. బెంగాలులోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో .303 నమూనా తుపాకీకి మర లేని నున్నని .410 గొట్టం పెట్టి, మేగజైను గూడు మూసివేసి, ఒక్కసారికి ఒక్క తూటా పట్టే మస్కెట్టుగా చేసి పోలీసులకు ఇచ్చారు. దాని తూటాకు మెడ దగ్గర నొక్కు ఉండదు. కనుక అది సైనిక .303 రైఫిలులో దూరదు.

స్వాతంత్ర్యం వచ్చింది, దొరలు వెళ్లారు, తాళం మాత్రం అలాగే ఉంది. 1959 ఆయుధ చట్టం కింద 1962లో వచ్చిన నిబంధనలలో ఒక మాట నాకు నోటికి వచ్చు. .303 గాని 7.62 మి.మీ. గాని సైనిక తూటాను పట్టించి పేల్చగలిగిన రైఫిలు ఏదైనా సరే నిషిద్ధ బోరు కిందికి వస్తుంది. అంటే పేరు ఏదైనా, చట్టం చూసేది ఏ తూటా పడుతుందన్నదే. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, అనగా ఒక గుండు పేలగానే మరొకటి దానంతటదే సిద్ధమయ్యేవి, .22 వంటి చిన్నవి తప్ప, అదే తరగతిలో చేరాయి. నిషిద్ధ బోరుకు అనుమతి ఢిల్లీ హోం మంత్రిత్వశాఖ నుంచి రావాలి. కలెక్టరుగారికి కూడా ఆ అధికారం లేదు.

.315 రైఫిలు మన సామాన్య లైసెన్సుదారు చేతికి వచ్చింది ఈ కారణంగానే. పైకి చూస్తే త్రీనాట్‌త్రీకి తమ్ముడిలా ఉంటుంది, చేసిందీ ఇషాపూర్‌లోనే. కాని సైనిక తూటా దానిలో పనిచేయదు.

7.62 అనే అంకె చేసే మోసం

పత్రికలు చదివే మన మిత్రులకు ఈ అంకె పరిచయమే. 1962 చైనా యుద్ధంలో మన జవాన్ల చేతిలో .303 బోల్టు రైఫిలు ఉండేది. ఆ తరువాత 7.62 మి.మీ. ఎస్.ఎల్.ఆర్. వచ్చింది. 1990ల చివర 5.56 మి.మీ. ఇన్సాస్ వచ్చింది. ఇప్పుడు మళ్లీ 7.62కు వెళ్తున్నారు. 2019 ఫిబ్రవరిలో 72,400 సిగ్ 716 రైఫిళ్లకు, 2024 ఆగస్టులో మరో 73,000 రైఫిళ్లకు అమెరికా కంపెనీతో ఒప్పందాలు జరిగాయి. 2021 డిసెంబరులో ఆరు లక్షలకు పైగా ఏకే 203 రైఫిళ్లకు రష్యా సహకారంతో ఒప్పందం కుదిరి, ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కోర్వాలో తయారీ మొదలైంది.

సిగ్ 716 కూడా 7.62, ఏకే 203 కూడా 7.62. మరి ఒకదాని తూటా మరొకదానిలో పడుతుందా? పడదు. సిగ్ తూటా గుల్ల పొడవు 51 మి.మీ., ఏకే తూటా గుల్ల పొడవు 39 మి.మీ. గుల్ల ఆకారం వేరు, మందుగుండు వేరు, గుండు లావులో కూడా వెంట్రుక వాసి తేడా ఉంది. రష్యావారి డ్రాగనోవ్ రైఫిలు కూడా 7.62 అనే పిలవబడుతుంది, దాని గుల్ల 54 మి.మీ., అడుగున అంచు కూడా ఉంటుంది. అంకె ఒకటే, తూటాలు మూడు. శ్రీనివాసరావు అన్న పేరుతో మన సంఘంలో ఎందరున్నారో, అంతమంది పెన్షనూ ఒకటే ఖాతాలో పడదు కదా! పి.పి.ఓ. నంబరు చూడాలి. అలాగే తూటాకు వెడల్పుతో పాటు పొడవు కూడా చూడాలి.

ఇంకొక ఉదాహరణ. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో .22 రైఫిలు పేల్చినవారు ఇక్కడ ఉన్నారు. సైన్యపు 5.56 మి.మీ. గుండు వెడల్పు దాదాపు అంతే. కాని 5.56 గుండు బరువు ఎక్కువ, వేగం సుమారు మూడు రెట్లు. వెడల్పు ఒక్కటే చూసి బలం అంచనా వేయరాదు.

విడిభాగాల సంగతి

తూటా కలిసినంత మాత్రాన భాగాలు కలుస్తాయని కూడా అనుకోవద్దు. ఎస్.ఎల్.ఆర్., సిగ్ 716 రెండూ 51 మి.మీ. గుల్ల ఉన్న 7.62 తూటానే వాడతాయి. కాని ఒకదాని మేగజైను రెండవదానికి పట్టదు.

అసలు ఎస్.ఎల్.ఆర్. కుటుంబంలోనే దాయాదుల తగాదా ఉంది. ఈ రైఫిలు పుట్టిల్లు బెల్జియం. అక్కడ మిల్లీమీటర్లలో గీశారు. బ్రిటిషువారు అదే రైఫిలును అంగుళాలలో మార్చి గీసుకున్నారు. ఫలితంగా బ్రిటిషు మేగజైనుకు ముందు వైపున్న కొక్కెం పెద్దదై, బెల్జియం నమూనా రైఫిలులో కూర్చోదు. మనవాళ్లు రెండు నమూనాలనూ పరిశీలించి తమ సొంత నమూనా చేసుకున్నారు. కనుక చూడడానికి ముగ్గురన్నదమ్ముల్లా ఉన్నా, ఒకరి చొక్కా మరొకరికి సరిపోతుందన్న హామీ లేదు.

నేడు సిగ్ వంటి పెద్ద చట్రం రైఫిళ్లదీ ఇదే కథ. 1950లలో యూజీన్ స్టోనర్ అనే అమెరికా ఇంజనీరు, ఆర్మలైట్ కంపెనీలో ఉండగా, 7.62 తూటాకు ఏ.ఆర్. 10 అనే రైఫిలు రూపొందించారు. దానినే చిన్నది చేసి 5.56 తూటాకు ఏ.ఆర్. 15 తయారుచేశారు. ఆ చిన్నదానిని అమెరికా సైన్యం ఎం 16 పేరుతో తీసుకుంది. సైన్యం తీసుకుంది గనుక కొలతలకు ఒక ప్రభుత్వ ప్రమాణం ఏర్పడి, ఎన్ని కంపెనీలు చేసినా భాగాలు చాలావరకు కలుస్తాయి. పెద్దదానికి అటువంటి ప్రమాణం ఏర్పడలేదు. కంపెనీలు ఎవరికి తోచిన కొలతలు వారు పెట్టుకున్నారు. అక్కడ ప్రధానంగా రెండు వంశాలు ఉన్నాయి. ఒక వంశం పై చట్రం మరొక వంశం కింది చట్రం మీద కూర్చోదు, మేగజైన్లలో కూడా తేడాలున్నాయి. మన ఆఫీసుల్లో ప్రతి డిపార్టుమెంటుకూ వేరే ఫారం ఉన్నట్టే. జి.ఓ. లేనిచోట ఎవరి పద్ధతి వారిది!

అయితే ఒక సౌకర్యం ఉంది. 7.62 తూటా గుల్లనే ఆధారంగా చేసుకుని, దాని మూతి దగ్గర సన్నం చేసి .243 వంటి తూటాలు రూపొందించారు. గుల్ల అడుగు కొలత మారలేదు గనుక వెనుక బోల్టు అదే ఉంటుంది, గొట్టం మాత్రం మారుతుంది. తూటా అడుగు బోల్టుకు, తూటా ఒళ్లు గొట్టానికి కలవాలి అన్నది సూత్రం.

పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లలో ఈ సూత్రాన్ని ఎంత జాగ్రత్తగా పాటించారంటే, ప్రతి రైఫిలు నంబరునూ దాని బోల్టు మీద కూడా చెక్కేవారు. బోల్టు తలకాయలను 0, 1, 2, 3 అని సైజుల వారీగా చేసి, ఏ రైఫిలుకు ఏది సరిగ్గా అమరుతుందో చూసి బిగించేవారు. ఒక రైఫిలు బోల్టు మరొకదానికి వేస్తే తోసుకుని లోపలికి వెళ్లవచ్చు. కాని తూటా వెనుక సందు ఎక్కువైతే గుల్ల పగిలి, వేడి గాలి పేల్చినవాడి ముఖం మీదికి వస్తుంది. ఆ రైఫిలుకు ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ దినోత్సవం నాడు సగౌరవంగా వీడ్కోలు పలికారు. వంద ఏళ్లకు పైబడిన నమూనా అది. రిటైరయ్యాక సన్మానం మనకే కాదు, తుపాకీకి కూడా!

అమెరికా పిల్లలు, మన సూట్‌కేసులు

మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ సాధారణంగా నంబరు వేసిన చట్రం ఒక్కటే చట్టం దృష్టిలో తుపాకీ. గొట్టాలు, మేగజైన్లు చాలా రాష్ట్రాల్లో దుకాణంలో బోల్టులూ నట్లూ కొన్నట్టు కొనవచ్చు. మన దేశంలో అలా కాదు. ఆయుధ చట్టంలో "ఆయుధము" అన్న మాటలోనే ఆయుధ భాగాలు కూడా చేరి ఉన్నాయి. కనుక అబ్బాయి ముచ్చటపడి పంపినా, అల్లుడుగారు జ్ఞాపకంగా ఇచ్చినా, అటువంటి సామాను ఏదీ తీసుకురావద్దని నా మనవి.

తూటా విషయం ఇంకా ముఖ్యం. పాత బ్యాగు మూలల్లో మరచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయం తనిఖీలో బయటపడితే కేసు తప్పదు. తెలిసి దగ్గర పెట్టుకోవడం వేరు, తెలియక ఉండిపోవడం వేరు అని సుప్రీంకోర్టు 1972లోనే ఒక కేసులో వివరించింది. కాని కోర్టు వరకు వెళ్లి ఆ మాట నిరూపించుకునే లోపల విమానం వెళ్లిపోతుంది, మన ఆరోగ్యమూ పోతుంది. తుపాకీ ఉన్న ఇంటివారు ప్రయాణానికి ముందు పాత పెట్టెలు పూర్తిగా దులిపి చూసుకోండి.

మనం చేయవలసిన పనులు

ఇక అసలు విషయం. ఈ భాగాన్ని దయచేసి కత్తిరించి ఇంట్లో దాచుకోండి.

ఒకటి. లైసెన్సు తీసి చూడండి. బోరు, తుపాకీ నంబరు, తయారీ పేరు తుపాకీ మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో సరిచూడండి. తేడా ఉంటే మీరు పెన్ను పెట్టవద్దు, లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయండి. దేశవ్యాప్త డేటాబేసులో మీ లైసెన్సుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు, యు.ఐ.ఎన్. ఉన్నదీ లేనిదీ చూసుకోండి.

రెండు. 2019లో చట్టాన్ని సవరించారు. లైసెన్సు గడువు మూడు సంవత్సరాల నుంచి అయిదు సంవత్సరాలకు పెరిగింది. ఒక మనిషి దగ్గర ఉండగలిగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ రెండులోనే లెక్క. అదనంగా ఉన్నవాటిని డిపాజిట్ చేయాలి. "మా తాతగారిది గనుక లెక్కలోకి రాదు" అన్న మాట చెల్లదు.

మూడు. లైసెన్సుదారు మరణిస్తే ఆ తుపాకీ ఇంట్లో ఉంచుకునే హక్కు ఎవరికీ ఉండదు. ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సున్న డీలరు వద్ద గాని డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తరువాత వారసులు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

నాలుగు. ఇది మన వయస్సువారికే రాసినట్టు ఉన్న నిబంధన. 2016 ఆయుధ నిబంధనలలో 25వ నిబంధన ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, లేక ఆ తుపాకీ 25 ఏళ్లుగా తన వద్ద ఉన్నా, ఏది ముందు అయితే అప్పుడు, తాను బ్రతికి ఉండగానే వారసుని పేరు మీద లైసెన్సు కోరవచ్చు. భార్య గాని, కొడుకు గాని, కూతురు గాని కావచ్చు. వారికి ఇష్టం లేకపోతే చట్టప్రకారం అప్పగించేయండి. బ్యాంకు నామినేషను రాసినట్టే ఇదీ ఇప్పుడే పూర్తి చేయండి.

అయిదు. పాత తుపాకీని ఊరి కమ్మరిచేత బాగుచేయించవద్దు. లైసెన్సు లేకుండా మరమ్మతు చేయడం, గొట్టం కోయడం, నంబరు చెరపడం నేరాలు. గూట్లో దొరికిన తూటాను "పడుతుందేమో" అని వేసి చూడవద్దు. పట్టడం వేరు, సరిపోవడం వేరు. చుట్టలు చుట్టినట్టు గీతలు కనిపించే పాత డమాస్కస్ గొట్టం తుపాకులైతే నేటి మందుగుండుకు పనికిరావు.

ఆరు. ఎన్నికల సమయంలో అధికారులు డిపాజిట్ చేయమని నోటీసు ఇస్తే వెంటనే చేసి, తుపాకీ నంబరుతో సహా రసీదు తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు నంబరు మళ్లీ చూడండి. అడవిపందులు పంట తిన్నా సరే, వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేనిదే వాటిని కాల్చకూడదని గుర్తుంచుకోండి.

సోదరులారా, లైసెన్సు మీద ఎవరికైనా సందేహం ఉంటే కాగితాల జిరాక్సు కాపీలతో రండి. తుపాకీని మాత్రం సంఘం ఆఫీసుకు తీసుకురావద్దు! దరఖాస్తు రాయడంలో నాకు చేతనైన సాయం చేస్తాను.